ఏరు దాటిన బ్యాండు, ఒడ్డున మిగిలిన అభిమాని

ప్రశ్న:

నా వయసు 31. ఏడేళ్ళ క్రితం ఒక చిన్న గదిలో, పాతికమంది ముందు వాయిస్తున్న నలుగురి బ్యాండును మొదటిసారి విన్నాను. ఆ రాత్రి నుంచి వాళ్ళ ప్రదర్శన ఒక్కటి కూడా వదల్లేదు. మొదట్లో వినడానికే వెళ్ళేదాన్ని. తర్వాత తర్వాత ఆంప్‌లు (గిటార్ శబ్దాన్ని పెంచే బరువైన పెట్టెలు) మోయడం, పోస్టర్లు గీయడం, టీషర్టులు అమ్మే బల్ల దగ్గర కూర్చోవడం అన్నీ నా పనులైపోయాయి. ఎవరూ అడగలేదు, నేనే చేశాను. దాదాపు 80 ప్రదర్శనలు రికార్డు చేసి దాచుకున్నాను.

పోయిన ఏడాది వాళ్ళ పాట ఒకటి ఉన్నట్టుండి జనంలోకి వెళ్ళింది. పాటలు విడుదల చేసే కంపెనీ, అదే లేబుల్, ఒకటి వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. మేనేజర్ వచ్చాడు. నాకు బాగా ఇష్టమైన డ్రమ్మర్ వెళ్ళిపోయాడు. కొత్త పాటలు నున్నగా ఉన్నాయి, గరగరమనే ఆ పాత గిటార్ ఎక్కడా వినపడదు. రెండు నెలల క్రితం గెస్ట్ లిస్టులో నా పేరు లేదని తలుపు దగ్గర ఆపేశారు. టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్తే, నా పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఆ ఒక్క పాటకి అరిచి మిగతా సేపంతా ఫోన్లు చూసుకున్నారు. ఉండబట్టలేక "వీళ్ళు సొంతంగా చేసుకున్న మొదటి డెమో రికార్డు పేరైనా తెలుసా మీకు?" అని అడిగేశాను. నాతో వచ్చిన స్నేహితురాలే నన్ను తిట్టింది. పోయిన వారం మేనేజర్ మెయిల్ పెట్టాడు, నేను నెట్‌లో పెట్టిన పాత వీడియోలన్నీ తీసేయాలట. ఒక మంచి మాట లేదు, పలకరింపు లేదు.

ఏరు దాటి తెప్ప తగలేశారు. నాకలాగే ఉంది. మా అక్క అయితే "వాళ్ళకి నువ్వెవరో కూడా తెలీదు, ఏడేళ్ళు వెర్రిదానిలా తిరిగావు" అంటోంది. నిజంగా వెర్రిదాన్నేనా? వచ్చే నెల ఒక పెద్ద హాల్లో వాళ్ళ ప్రదర్శన ఉంది. వెళ్ళాలా, మానెయ్యాలా?

– ఒక పాత అభిమాని

సమాధానం:

మీ అక్కగారు ఒక దగ్గర పొరబడ్డారు. మీరెవరో వాళ్ళకి తెలుసు, బాగా తెలుసు. బాధంతా అక్కడే ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు తలుపు దగ్గర ఆపితే మీరు టికెట్ కొనుక్కుని లోపలికి పోయేవారు, నాకీ ఉత్తరం రాసేవారు కాదు.

ఇక వెర్రి సంగతి. నలుగురూ బాగుందన్నాక బాగుందనడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. మీరు పాతికమందిలో నిలబడి, ఇంకా ఎవరూ మెచ్చని పాటను మీ చెవులతో విని, మీ అంతట మీరే బాగుందని తేల్చుకున్నారు. ఆ తీర్పు సరైందేనని ఏడేళ్ళ తర్వాత ఊరంతా ఒప్పుకుంది. దీన్ని వెర్రి అనడానికి నాకు నోరు రాదు.

అయితే మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు నాకు ముగ్గురు మనుషులు కనిపించారు. ఒకరు పాట వినే మనిషి. ఒకరు ఆంప్‌లు మోసిన మనిషి. ఇంకొకరు ఆ నలుగురికీ స్నేహితురాలు. ముగ్గురికీ విడివిడిగా దెబ్బ తగిలింది. మీరు మూడు దెబ్బల్నీ ఒకే మూట కట్టి, దానికి తెప్ప సామెత చీటీ అంటించి పంపారు. మూట విప్పకపోతే ఏ దెబ్బకి ఏ మందో తెలియదు.

ఆంప్ మోసిన మనిషితో మొదలుపెడతాను, ఎందుకంటే మీకు అన్యాయం జరిగిందంటే అది ఆవిడకే జరిగింది. పాట విన్నందుకు వినేవాళ్ళకి ఎవరూ బాకీ పడరు. పని చేసినందుకు మాత్రం పడతారు. మీరు కూలి అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు. చిన్న బ్యాండ్ల దగ్గర ఇది మామూలే, ఎవరి దగ్గరా డబ్బుండదు. కానీ మీరు మనసులో ఒక ఒప్పందం రాసుకున్నారు: నేను మోస్తాను, మీరు నన్ను లోపలిదానిగా చూడాలి. గెస్ట్ లిస్టులో పేరు ఉండటం మీకు జీతంలాంటిది. ఆ ఒప్పందం మీద వాళ్ళ సంతకం లేదు. పాపం, అలాంటిదొకటి ఉందని వాళ్ళకి తెలుసో లేదో కూడా.

తలుపు దగ్గర జరిగింది కూడా చాలావరకు యంత్రం పనే. చిన్న గదిలో తలుపు దగ్గర కూర్చునేది ఎవరో ఒకరి స్నేహితుడు, అతనికి మొహాలు తెలుసు. పెద్ద వేదికల్లో తలుపు దగ్గర ఉన్నవాళ్ళకి కాగితం మాత్రమే తెలుసు. ఆ కాగితం మీద బ్యాండుకి ఇన్ని పేర్లని ఒక లెక్క ఉంటుంది. లేబుల్ మనుషులు, పత్రికలవాళ్ళు, ఇంట్లోవాళ్ళు పోను మిగిలేవి నాలుగైదు. ఆ నాలుగైదింట్లో మీ పేరు రాయాలని నలుగురిలో ఒక్కరికైనా తట్టకపోవడం తప్పే. కానీ మతిమరుపును కుట్ర అనుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడొద్దు. మీరు గీసిన పోస్టరు బొమ్మలేవైనా ఇప్పటికీ టీషర్టుల మీద అమ్ముతున్నారేమో చూడండి. రాతపూర్వకంగా హక్కులు రాసివ్వనంతవరకూ బొమ్మ గీసినవాళ్ళదే, చాలా దేశాల చట్టాలు చెప్పేది ఇదే. అప్పుడు మీరు వేసింది స్నేహం కోసం, ఇప్పుడు వాళ్ళు అమ్ముతున్నది వ్యాపారం కోసం. డబ్బు అడగండి. అడిగితే స్నేహం పోతుందని భయపడతారేమో, అడక్కుండా లోపల కుళ్ళుకుంటేనే ఎక్కువ పోతుంది.

ఇప్పుడు ఆ ఇద్దరు కుర్రాళ్ళ సంగతి. ఇక్కడ మాత్రం నేను మీ స్నేహితురాలి పక్షం.

1976 జూన్ 4న మాంచెస్టర్‌లో లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్ అనే చోట సెక్స్ పిస్టల్స్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు ప్రదర్శన జరిగింది. హోవార్డ్ డెవోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు కుర్రాళ్ళు సొంతంగా ఏర్పాటు చేసింది. వచ్చినవాళ్ళు నలభై మంది, అటూ ఇటూగా. తర్వాతి కాలంలో "ఆ రాత్రి నేనూ అక్కడున్నాను" అని చెప్పుకున్నవాళ్ళు మాత్రం వేలల్లో తేలారు. ఆ హాలుని ఎంత సాగదీసినా పట్టనంతమంది! నాకు ఈ కథలో నచ్చేది అబద్ధాలు చెప్పినవాళ్ళ సంగతి కాదు, నిజంగా వెళ్ళినవాళ్ళ సంగతి. పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ నిజంగానే అక్కడున్నారు. హుక్ మర్నాడే వెళ్ళి ఒక బేస్ గిటార్ కొనుక్కొచ్చాడు. వాళ్ళిద్దరి బ్యాండే తర్వాత జాయ్ డివిజన్ అని పేరు తెచ్చుకుంది. అక్కడ ఉన్నామన్నది వాళ్ళకి చేతిలో పెట్టిన పనిలా పనికొచ్చింది, మెడలో వేసుకు తిరిగే పతకంలా కాదు.

మొదటి పాతికమందిలో ఉండటం అదృష్టం. ఆ రాత్రి మీకు ఇంకో పని పడి ఉంటే మీరూ ఆ కుర్రాళ్ళలాగే ఏడేళ్ళు ఆలస్యంగా, ఒకే ఒక్క పాట పట్టుకుని వచ్చేవారు. డెమో పేరు అడగడంలో తప్పు లేదు, అడిగిన తీరులో ఉంది. మీరు పరీక్ష పెట్టారు. అదే సంగతి ఇంకోలా చెప్పొచ్చు: "ఈ పాట వాళ్ళ మొదటి డెమోలో ఇంకా జోరుగా ఉంటుంది, దొరికితే వినండి." అవే వివరాలు, అదే మీ జ్ఞానం. వాళ్ళు ఇంటికెళ్ళి వెతుక్కునేవారు. వెతకకపోయినా మీకు పోయేదేమీ లేదు.

(ప్రదర్శన మధ్యలో ఫోన్లు చూసుకోవడం నాకూ ఒళ్ళు మంటే. అది వేరే ఉత్తరం.)

ఇదంతా పెద్దమనిషిలా చెబుతున్నాను గానీ, ఈ జబ్బు నాకూ పట్టింది. నా ఇరవైల్లో ఒక బ్యాండును నెత్తిన పెట్టుకుని తిరిగాను. వాళ్ళు పేరు తెచ్చుకోగానే "ఇప్పుడు బాగాలేదు" అనడం మొదలుపెట్టాను. వాళ్ళ మూడో ఆల్బం అసలు వినకుండానే బాగాలేదన్నాను. పదేళ్ళ తర్వాత ఒక ప్రయాణంలో ఎవరో పెడితే విని, ఇదెవరిదని అడిగి, జవాబు విని నోరుమూసుకున్నాను. వాళ్ళందించిన వాటిలో అదే మంచి ఆల్బం.

మీరు మాత్రం విన్నారు, విని నచ్చలేదంటున్నారు. అది పూర్తిగా మీ హక్కు. కాకపోతే ఎందుకలా మారిందో కొంత తెలిస్తే కోపం తగ్గుతుందేమో. చిన్న గదిలో గిటార్ శబ్దం సరాసరి ఆంప్ నుంచి మీ మొహాన కొడుతుంది, డ్రమ్స్‌కి చాలాసార్లు మైకులే ఉండవు. మీరు విన్న ఆ గరగరలో సగం గిటార్‌ది, సగం ఆ గోడలది. పెద్ద హాల్లో ప్రతి వాయిద్యానికీ మైకు పెట్టి, శబ్దాలన్నీ కలిపే మిక్సర్ లోంచి నడిపించి, పైన వేలాడే స్పీకర్ల నుంచి వదులుతారు. వెనక వరసకి మాట వినపడాలంటే అడ్డొచ్చే గరుకును తగ్గించాల్సిందే. స్టూడియోలో క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా చెవిలో టిక్ టిక్ మనే శబ్దం) పెట్టుకుని దానికి తగ్గట్టు వాయిస్తే ఆ పాత తడబాటూ పోతుంది, దానితో కొంత ప్రాణమూ పోతుంది. నాకూ పాతవే ఇష్టం. కానీ దాన్ని ద్రోహం అనలేను.

అమ్ముడుపోయారు అనే మాట మీరు రాయలేదు గానీ వరసల మధ్య వినపడుతోంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్మన్ అని ఒక వేదిక ఉంది. 1986 డిసెంబర్ 31న మొదలైంది, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళే నడుపుకుంటారు. పెద్ద కంపెనీలతో ఒప్పందమున్న బ్యాండ్లకు అక్కడ చోటులేదని నియమం పెట్టుకున్నారు. గ్రీన్ డే అనే బ్యాండు ఆ గదిలోనే పెరిగింది. 1993లో రిప్రైజ్ అనే పెద్ద లేబుల్‌తో సంతకం చేసింది, అంతే, తలుపు మూసుకుంది. వాళ్ళు మళ్ళీ ఆ వేదిక ఎక్కింది 2015లో, ఒక సహాయార్థ ప్రదర్శన కోసం. ఈ కథను చాలామంది బ్యాండు ద్రోహంగా చెబుతారు, ఇంకొంతమంది అభిమానుల మూర్ఖత్వంగా చెబుతారు. నాకు రెండూ సరిగా అనిపించవు. వేరే ఎక్కడా చోటు దొరకనివాళ్ళ కోసం ఆ గదిని కాపాడుకోవడానికి గిల్మన్ నియమం పెట్టుకుంది. అది గదికి మంచి నియమం. మనుషుల మీద తీర్పుగా వాడితేనే చెడుతుంది.

మీరిప్పుడు కాపలా కాస్తున్నది గదికా, ఆ నలుగురికా? నలుగురికైతే మానుకోండి. వాళ్ళ లెక్క కూడా కాస్త చూడండి. చిన్న ప్రదర్శనలో వచ్చిన టికెట్ల డబ్బులోంచి గది అద్దె, సౌండ్ మనిషి, ప్రయాణం పోను మిగిలింది నలుగురు పంచుకోవాలి. స్ట్రీమింగ్ మీద బతుకుదామంటే, 2024 నుంచి స్పాటిఫైలో పన్నెండు నెలల్లో కనీసం 1000 సార్లు వినపడని పాటకి రికార్డింగ్ రాయల్టీ లెక్కలోనే చేరదు. మీ బ్యాండు మొదటి డెమో పాటల్లో ఎన్ని ఆ గీత దాటి ఉంటాయి? ఏడేళ్ళు పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సల్ చేసినవాళ్ళకి లేబుల్ కాగితం చూపిస్తే సంతకం పెట్టడానికి దురాశే ఉండక్కర్లేదు, అలసట చాలు.

డ్రమ్మర్ విషయంలో నాకు ఒకటి తోచింది. మీకు బాగా ఇష్టమైన మనిషి అన్నారు. ఆయన ఇప్పుడేం చేస్తున్నాడో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మనుషులు బ్యాండ్ల నుంచి వెళ్ళిపోవడం కొత్తేమీ కాదు. ఇందాక చెప్పిన డెవోటో, షెల్లీల బ్యాండు బజ్‌కాక్స్. 1977 జనవరిలో సొంత లేబుల్ మీద, అప్పు చేసిన డబ్బుతో, మొదట 1000 కాపీలు వేయించి తమ తొలి రికార్డు తెచ్చారు. అలా సొంతంగా రికార్డు వేసుకోవచ్చని ఎందరికో దారి చూపిన పని అది. కొద్ది వారాల్లోనే గాయకుడు డెవోటో వెళ్ళిపోయాడు, షెల్లీ పాడటం మొదలుపెట్టాడు. ఇద్దరివీ మంచి పాటలే వచ్చాయి. మీ డ్రమ్మర్ ఎక్కడో ఇంకో గదిలో వాయిస్తూ ఉండొచ్చు, వాయించడం మానేసి ఒంటరిగా కూర్చుని ఉండొచ్చు. ఏడేళ్ళు ఆయన వాయిద్యం విన్న మనిషి ఫోన్ చేస్తే ఆయనకి బాగుంటుంది. గెస్ట్ లిస్టు గురించి ఆలోచించిన సమయంలో పదోవంతు చాలు.

వీడియోల విషయానికొద్దాం. నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది ఆ 80 రికార్డింగులు. మీరు వాటిని ఒక్క వాక్యంలో దాటేశారు.

ముందు చేదు ముక్క. పాట వాళ్ళది, ప్రదర్శన వాళ్ళది. నెట్‌లోంచి తీసేయమని అడిగే హక్కు వాళ్ళకుంది, మేనేజర్ మర్యాద తెలియనివాడైనా సరే. తీసేయండి. తీసేయడం వేరు, చెరిపేయడం వేరు. చెరపకండి. ఇప్పుడే రెండు కాపీలు తీసి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. హార్డ్ డిస్కులు చెప్పాపెట్టకుండా చస్తాయి. ప్రతి ఫైలుకీ తేదీ, చోటు, ఆ రోజు ఎవరెవరు వాయించారు, ఏ పాట తర్వాత ఏ పాట, ఇవన్నీ గుర్తున్నప్పుడే రాసిపెట్టండి. ఐదేళ్ళు పోతే మీకే గుర్తుండదు. ఒరిజినల్ రికార్డింగును కుదించకుండా అలాగే ఉంచండి, ఎంపీ3 చేసుకుంటే అది వినడానికి చేసుకున్న కాపీ మాత్రమే.

ఎందుకింత జాగ్రత్త అంటారా? వాషింగ్టన్ డీసీ బ్యాండు ఫుగాజీ తమ దాదాపు వెయ్యి ప్రదర్శనల్లో 800కి పైగా రికార్డు చేయించి దాచుకుంది. 2011లో వాటిని ఒక్కొక్కటిగా అభిమానుల ముందు పెట్టడం మొదలుపెట్టింది, టికెట్ ధర 5 డాలర్ల దగ్గరే ఉంచడానికి పట్టుబట్టిన బ్యాండు కదా, ఒక్కో రికార్డింగుకీ దాదాపు అంతే అడిగింది. అలా దాచుకునే తెలివి అన్ని బ్యాండ్లకీ ఉండదు. వాళ్ళు దాచుకోనిది అభిమానులే దాచాలి. షికాగోలో ఒక అభిమాని 1980ల నుంచి రికార్డర్ పట్టుకుని చిన్నా పెద్దా ప్రదర్శనలకి తిరిగాడు, ఆయన దగ్గర పదివేలకి పైగా పోగుపడ్డాయి. ఇప్పుడు స్వచ్ఛందంగా కొందరు కూర్చుని వాటిని డిజిటల్‌లోకి మార్చి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడుతున్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ బ్యాండు అయితే 1984లో రికార్డు చేసుకునే అభిమానుల కోసం హాల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించింది. అంటే బ్యాండు ఒప్పుకుంటే ఇదంతా గౌరవమైన పనే.

నా దగ్గరా ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి. నేను వెంట తిరిగిన బ్యాండ్లలో ఒకటి రెండేళ్ళకే విడిపోయింది, వాళ్ళ పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ళకి వాళ్ళ బేసిస్టు ఎక్కడో నా ఆచూకీ పట్టుకుని ఫోన్ చేశాడు. తన కూతురు "నువ్వు నిజంగా బ్యాండులో ఉండేవాడివా నాన్నా?" అని అడిగిందట, చూపించడానికి తన దగ్గర ఒక్క ముక్క లేదట. నేను క్యాసెట్ తీసి వింటే సగం నా దగ్గు చప్పుడే ఉంది. అయినా పంపాను. నా జీవితంలో ఎవరికీ అంత పనికొచ్చిన వస్తువు ఇచ్చిన గుర్తు లేదు.

కాబట్టి మేనేజర్‌కి "తీసేశాను" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకోండి. ఆయనతో వాదన వద్దు. నలుగురిలో మీకు ఎక్కువ దగ్గరైన మనిషికి విడిగా, దాదాపు ఇలా రాయండి:

"వీడియోలు తీసేశాను. మొదటి రోజుల నుంచి 80 ప్రదర్శనల రికార్డింగులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీకు కాపీ కావాలంటే ఇస్తాను. ఎప్పుడైనా బయటికి తెద్దామనుకుంటే ముందు నాతో మాట్లాడు, రికార్డు చేసింది నేనని పేరు వేస్తే చాలు. ఇంకోటి. ఆ రోజు తలుపు దగ్గర ఆపినప్పుడు నాకు చాలా కష్టంగా అనిపించింది. నీకు తెలియాలని చెబుతున్నా."

చివరి మూడు వాక్యాలు కొట్టేయాలని మీ చేతులు దురదపెడతాయి. కొట్టేయకండి. స్నేహితురాలి బాధకి అదొక్కటే మందు, చెప్పడం. జవాబు వస్తే సంతోషం. రెండు నెలలకీ రాకపోతే ఆ స్నేహం ఏ పాటిదో తెలుస్తుంది, అప్పుడు దాన్ని తెప్ప మీద పెట్టి వదిలేయొచ్చు.

సామెత మళ్ళీ వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఏడేళ్ళ క్రితం ఆ గదిలో మీతో కలిపి పాతికమంది ఉన్నారు. మిగతా ఇరవై నలుగురు ఎక్కడ? వాళ్ళలో పదిమందైనా మీకు పేరు పెట్టి తెలిసినవాళ్ళే అయ్యుండాలి. ఆ రాత్రి అదే వేదిక మీద ముందుగా వాయించిన బ్యాండేది? ఆ గది ఇంకా ఉందా? మీరు ఏడేళ్ళు ప్రేమించింది నలుగురి బ్యాండునే అనుకుంటున్నారు. ఉత్తరంలో మీరు ప్రేమగా రాసిన వాక్యాలన్నీ చూశాను: చిన్న గది, మోసిన ఆంప్, గీసిన పోస్టర్, బల్ల. సగానికి సగం వాళ్ళ పాటల గురించి కావు. మీరు ప్రేమించింది ఆ మొత్తం సందడిని, కుర్రకారు సీన్ అని పిలిచేదాన్ని. బ్యాండు ఏరు దాటి వెళ్ళింది. సీన్ ఎక్కడికీ వెళ్ళలేదు, అది ఒడ్డునే ఉంటుంది, మీలాగే.

సీన్లు గొప్ప గాయకుల వల్లే పుడతాయనుకుంటాం. 1980ల మొదట్లో న్యూజిలాండ్‌లోని డునెడిన్ అనే చిన్న ఊళ్ళో వరసగా మంచి బ్యాండ్లు వచ్చాయి. వాళ్ళ పాటలు నిలిచాయంటే అందులో పెద్ద భాగం రెండింటిది: 1981లో క్రైస్ట్‌చర్చ్‌లో మొదలైన ఫ్లయింగ్ నన్ అనే చిన్న లేబుల్‌ది, క్రిస్ నాక్స్ అనే సంగీతకారుడి దగ్గరున్న నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్‌ది. ఒకరి దగ్గర రికార్డర్ ఉండాలి, ఒకరి దగ్గర గది తాళంచెవి ఉండాలి, ఒకరు పోస్టర్ వేయాలి, ఒకరు ఇవన్నీ రాసిపెట్టాలి. లండన్‌లో 1976 జులైలో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా తనకి నచ్చిన బ్యాండ్ల గురించి స్నిఫిన్ గ్లూ అని చేతిరాత, టైపు కలిపిన పత్రిక తెచ్చాడు. మొదటి సంచికకి మొదట వేసింది కొన్ని పదుల కాపీలే. ఏడాది తిరిగేసరికి వేలల్లో అమ్ముడుపోతుంటే తనే ఆపేశాడు. అప్పటికే సొంత బ్యాండు పెట్టుకున్నాడు. అతనూ అభిమానే. కానీ అతని పని అతని పేరు మీద ఉంది.

మీకు తేడా చేసేది ఇదేనని నా అనుమానం. ఏడేళ్ళ పనిలో మీ పేరు ఎక్కడా లేదు. ఈసారి పోస్టర్ వేస్తే మూలన సంతకం చేయండి. రికార్డు చేస్తే ముందే అడిగి, ఏది ఎక్కడ పెట్టొచ్చో మాట్లాడుకుని చేయండి. ఆంప్ మోస్తే సరదాకి మోయండి, లేదా కూలికి మోయండి, రెండూ కాని మూడో లెక్క వద్దు. ఒకే బ్యాండుకి కాకుండా నాలుగైదింటికి పంచుకోండి. అన్ని శనివారాలూ ఇవ్వకండి, అక్కగారికి ఒకటి ఉంచండి. కొనగలిగినప్పుడు పాటను నేరుగా వాళ్ళ దగ్గరే కొనండి. బ్యాండ్‌క్యాంప్‌లాంటి, బ్యాండ్లు తామే పాటలు అమ్ముకునే సైట్లో డిజిటల్ అమ్మకం మీద 15 శాతం పట్టుకుంటారు, మిగతాదాంట్లో చెల్లింపుల ఖర్చు పోగా బ్యాండుకే చేరుతుంది. బల్ల దగ్గర టీషర్టు కొంటే ఇంకా నయం, బల్ల వెనక కూర్చున్న మనిషిని పలకరించినట్టూ ఉంటుంది. అక్కడ కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా!

ఇంకో చిన్న మాట, ఎవరూ అడగరు కాబట్టి నేనడుగుతున్నా. ఇన్నేళ్ళలో చెవులకి ఏమైనా పెట్టుకున్నారా? 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించకూడదని ప్రమాణం పెట్టింది. అమెరికాలో పనిచేసే చోట్ల భద్రత చూసే నియోష్ అనే సంస్థ లెక్కలో ఆ 100 డెసిబెల్స్ శబ్దాన్ని చెవి రోజుకి 15 నిమిషాలకి మించి భరించకూడదు. చిన్న గదుల్లో స్పీకర్ పక్కనే నిలబడే అలవాటు మీకుందని ఊహిస్తున్నాను, నాకూ ఉండేది. ఇప్పుడు నా ఎడమ చెవిలో రాత్రిళ్ళు సన్నగా ఒక ఈల వినిపిస్తుంది, ఆపడానికి బటన్ లేదు. సంగీతం కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ వేరే ఉంటాయి, శబ్దాన్ని తగ్గిస్తాయి గానీ మొద్దుబారనివ్వవు. ఒక జత కొనండి.

వచ్చే నెల ప్రదర్శనకి వెళ్ళండి. టికెట్ కొనుక్కునే వెళ్ళండి, ఎవరికీ చెప్పకండి, రికార్డర్ ఇంట్లో పెట్టండి. ఏడేళ్ళలో మీరు చేతులు ఖాళీగా పెట్టుకుని ఆ బ్యాండును విన్నది ఎన్నిసార్లు? ముందు వరసలోకి తోసుకుపోకుండా సౌండ్ మనిషి కూర్చునే బోర్డు దగ్గర నిలబడండి, హాల్లో అన్నిటికంటే బాగా వినపడేది అక్కడే. నాలుగు పాటలయ్యాక కూడా మనసుకి పట్టకపోతే బయటికొచ్చేయండి, ఇక ఆ బ్యాండుకి మీరు పాత శ్రోత, అంతే. పడితే మంచిదే.

ఒకటి మాత్రం, గంట ముందే వెళ్ళండి. పెద్ద బ్యాండు రాకముందు ఎవరో ముగ్గురో నలుగురో సగం ఖాళీ హాల్లో, తమ పేరు తామే రెండుసార్లు చెప్పుకుంటూ అరగంట వాయిస్తారు. వాళ్ళ ఆంప్‌లు ఎవరు మోస్తున్నారో చూసి రండి.